ఉబుంటులో లాప్‌టాప్ స్పీకర్లు మూగబోయాయి, హెడ్‌ఫోన్లు మాత్రం పలుకుతున్నాయి

రేవు_కుర్రోడు:

నమస్కారమండి. నాలుగైదేళ్ళ నాటి లాప్‌టాప్. ఉబుంటు 24.04 ఒక్కటే ఉంది, విండోస్ లేదు. సొంత స్పీకర్లలోంచి చప్పుడే రావట్లేదు. హెడ్‌ఫోన్ పెడితే శుభ్రంగా వినిపిస్తుంది, బ్లూటూత్ స్పీకరూ పనిచేస్తుంది. పాట పెడితే సెట్టింగ్స్‌లో గీత ఆడుతూనే ఉంది, మ్యూట్ లేదు, వాల్యూమ్ నూటికి నూరు. అవుట్‌పుట్ దగ్గర 'హెడ్‌ఫోన్స్' అని ఒక్కటే చూపిస్తోంది, 'స్పీకర్స్' అన్నది జాబితాలోనే లేదు.

నెట్‌లో చూసి పల్స్‌ఆడియో (సౌండు చూసుకునే ప్రోగ్రాం) తీసేసి మళ్ళీ వేశాను, తేడా లేదు. మోడ్‌ప్రోబ్ ఫైల్లో డీఎస్పీ డ్రైవర్ అని ఏదో లైను కలపమని కూడా ఉంది, అది ఇంకా ముట్టుకోలేదు. ఉబుంటు మొత్తం మళ్ళీ ఎక్కించెయ్యమంటారా? లేక స్పీకర్లే పోయాయంటారా?

గట్టుమీద_టెర్మినల్:

మళ్ళీ ఎక్కించే పని పెట్టుకోకండి, ఆ లైనూ కలపకండి. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారని మన చేలోకి వచ్చేసినట్టు కాదు కదండీ, మధ్యలో ఏ లాకు మూసుందో ముందు చూడాలి. సౌండు దారి ఇదీ: పాట పాడే ప్రోగ్రాం, దాని కింద పైప్‌వైర్ (అన్ని ప్రోగ్రాముల సౌండునీ కలిపి పంపేది), దాని కింద అల్సా (సౌండు కార్డుతో మాట్లాడే లినక్స్ భాగం), కెర్నెల్ డ్రైవర్, ఆ తర్వాత బోర్డు మీద కోడెక్ చిప్పు (అంకెల్ని శబ్దపు కరెంటుగా మార్చేది), ఆంప్లిఫయర్, చివర స్పీకర్ తీగలు. హెడ్‌ఫోన్ పలుకుతోందంటే కోడెక్ దాకా అంతా బాగున్నట్టే. తేడా కోడెక్ తర్వాతైనా ఉండాలి, లేదా స్పీకర్ దారి ఎవరో మూసైనా ఉండాలి. మీ జాబితాలో స్పీకర్ పేరే లేదంటున్నారు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే.

కమాండ్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు టెర్మినల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. సున్నాలూ హైఫన్లూ రాసినవి రాసినట్టే.

మొదట 'పాక్‌టీఎల్ ఇన్ఫో' కొట్టి సర్వర్ నేమ్ అన్న లైను చూడండి. అందులో 'ఆన్ పైప్‌వైర్' అని ఉండాలి. ఉబుంటులో 22.10 నుంచి సౌండు చూసుకునేది పైప్‌వైరే. పాత సలహాలు చూసి పల్స్‌ఆడియో ఎక్కించినవాళ్ళకి ఆ మాట కనపడదు. మీకూ కనపడకపోతే 'సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ పైప్‌వైర్-ఆడియో' కొట్టి, లాగవుట్ అయ్యి మళ్ళీ రండి. అది పల్స్‌ఆడియోని తీసేస్తానని అడుగుతుంది, సరే అనండి.

రెండోది 'ఏప్లే -ఎల్'. ఆ ఎల్ చిన్న అక్షరం. జాబితాలో హెచ్‌డీఎంఐ కాకుండా 'అనలాగ్' అన్న మాటతో ఒక లైను ఉండాలి. దాని కార్డు నంబరు, కోడెక్ పేరు ఇక్కడ రాయండి.

మూడోది 'అల్సామిక్సర్'. తెరవగానే కనపడేది పైప్‌వైర్ ముసుగు, ఒకే గడి ఉంటుంది. ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకోండి. అప్పుడు మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్ గడులు విడివిడిగా వస్తాయి. గడి కింద 'ఎంఎం' ఉంటే మూసినట్టు, '00' ఉంటే తెరిచినట్టు. బాణం గుర్తుతో కుడివైపు చివరిదాకా వెళ్తే 'ఆటో-మ్యూట్ మోడ్' ఉంటుంది (హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లని మూసేది), అదేమందో చూడండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. జాక్‌లో ఏమీ పెట్టకుండా 'ఏమిక్సర్ -సి 0 కంటెంట్స్' కొట్టి, వచ్చినదాంట్లో 'హెడ్‌ఫోన్ జాక్' అన్నచోట మూడు లైన్లు ఇక్కడ పెట్టండి. సున్నా బదులు మీ కార్డు నంబరు.

రేవు_కుర్రోడు:

ఆయ్, అన్నీ చూశానండి. సర్వర్ నేమ్‌లో పైప్‌వైర్ లేదు, మీరు చెప్పినట్టు వేశాక వచ్చింది. సౌండు మాత్రం మామూలే. కార్డు 0, ఏఎల్‌సీ256 అనలాగ్. అల్సామిక్సర్‌లో స్పీకర్ కింద ఎంఎం ఉంది. ఎమ్ నొక్కితే 00 అవుతోంది, అయినా చప్పుడు లేదు. ఆటో-మ్యూట్ 'ఎనేబుల్డ్'. హెడ్‌ఫోన్ జాక్ దగ్గర రెండో లైన్లో 'వాల్యూస్=1', మూడో లైన్లో 'వాల్యూస్=ఆన్'. జాక్‌లో ఏమీ లేదండి, ఒట్టిదే.

గట్టుమీద_టెర్మినల్:

దొరికింది. రెండో లైన్లో 1 చూసి కంగారు పడనక్కర్లేదు, ఈ కంట్రోల్‌లో ఒకే విలువ ఉందని దానర్థం. జాక్ బాగున్నా అక్కడ 1 ఉంటుంది. చూడాల్సింది మూడోది. జాక్ ఖాళీగా ఉంటే అక్కడ 'ఆఫ్' రావాలి. మీకు 'ఆన్' వచ్చిందంటే హెడ్‌ఫోన్ ఎప్పుడూ గుచ్చి ఉన్నట్టే మిషను నమ్ముతోంది. అందుకే డ్రైవరు కోడెక్‌లో స్పీకర్‌కి వెళ్ళే కాలును ఆపేస్తోంది. ఆ ఆపడం మిక్సర్ గడి కన్నా కింద జరుగుతుంది కాబట్టి మీరు 00 చేసినా లాభం లేకపోయింది. సెట్టింగ్స్ కూడా 'అందుబాటులో లేని' పోర్టుని దాచేస్తుంది కాబట్టే స్పీకర్ పేరు మాయమైంది.

ముందు తాత్కాలికంగా స్పీకర్లు బతికున్నాయో లేదో చూద్దాం. అల్సామిక్సర్‌లో ఆటో-మ్యూట్ మీదికెళ్ళి పైబాణమో కిందబాణమో నొక్కి 'డిసేబుల్డ్' చెయ్యండి. 'పావుకంట్రోల్' అన్న ప్రోగ్రాం ఎక్కించుకోండి. అది సెట్టింగ్స్‌లాగా దాచదు, అవుట్‌పుట్ డివైజెస్‌లో పోర్టు దగ్గర స్పీకర్స్ పక్కన 'అన్‌ప్లగ్డ్' అని రాసి ఉన్నా ఎంచుకోనిస్తుంది. ఎంచుకుని, మళ్ళీ అల్సామిక్సర్‌లో స్పీకర్ 00గా ఉందో లేదో చూడండి. ఈ వరుస తప్పకూడదు. పోర్టు మార్చిన ప్రతిసారీ పైప్‌వైర్ ఆ గడుల్ని తన ఇష్టప్రకారం సర్దేస్తుంది.

పైప్‌వైర్‌తో సంబంధం లేకుండా నేరుగా చూడాలంటే: బ్రౌజరు మూసేసి పది సెకన్లు ఆగండి, పని లేకపోతే పైప్‌వైర్ కార్డుని దానంతటదే వదిలేస్తుంది. తర్వాత 'స్పీకర్-టెస్ట్ -సి 2 -టి వావ్ -డి ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:0,0'. ఇందులో డి ఒక్కటే పెద్ద అక్షరం, 'వావ్' అంటే డబ్ల్యూఏవీ. ఎడమ, కుడి అని ఆడగొంతు ఇంగ్లీషులో పలకాలి. 'బిజీ' అని తిడితే ఇంకా ఏదో ప్రోగ్రాం పట్టుకుని ఉన్నట్టు.

ఇంకొకటి, ఈ లాప్‌టాప్ ఎక్కడ వాడతారండి?

రేవు_కుర్రోడు:

పలికిందండి! రెండువైపులా పలికింది. ఇది అంతర్వేది వైపు రొయ్యల చెరువు షెడ్డులో ఉంటుంది, లెక్కలకీ కెమెరాలకీ.

పాలకొల్లు_సోల్డర్:

అనుకున్నాను. ఉప్పుగాలి, పక్కనే ఏరేటర్ల తుంపర. ఆ జాక్‌కి ఇంకేం కావాలి.

జాక్ లోపల శబ్దం మోసే రేకులు కాకుండా 'పిన్ను వచ్చిందా' అని చెప్పడానికే ఒక చిన్న స్విచ్చు రేకు ఉంటుంది. అది ఒక రెసిస్టర్ మీదుగా కోడెక్ సెన్స్ కాలికి వెళ్తుంది. ఉప్పు తేమ పట్టి ఆ రెండు రేకుల మధ్య పచ్చటి చిలుము పేరుకున్నా, రేకు వంగి వెనక్కి రాకపోయినా కోడెక్‌కి ఎప్పుడూ పిన్ను ఉన్నట్టే కనపడుతుంది. సాఫ్ట్‌వేర్లో ఆటో-మ్యూట్ తీసెయ్యడం పని జరుపుకోవడానికే, చిలుము అక్కడే ఉంటుంది, పెరుగుతుంది.

శుభ్రం చేసే పద్ధతి: పూర్తిగా షట్‌డౌన్, చార్జర్ తీసెయ్యండి. వెనక మూత విప్పడం వచ్చినవాళ్ళైతే బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మందుల షాపులో చేతులకి రాసుకునేవాటిలో నీళ్ళూ జిగురూ కలుస్తాయి, అవి పనికిరావు. లేదా ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్. కంతలోకి నేరుగా కొట్టకండి, బోర్డు మీదికి కారిపోతుంది. 3.5 మిల్లీమీటర్ల పాత పిన్ను ఒకటి తీసుకుని దాన్ని తడిపి, పదిహేను ఇరవైసార్లు తోసి, తిప్పుతూ లాగండి. తుడిచి, మళ్ళీ తడిపి ఇంకోసారి. పళ్ళ సందుల్లో వాడే సన్న బ్రష్షు దొరికితే ఇంకా మేలు. అరగంట ఆరనివ్వండి. దూదిపుల్ల మాత్రం వద్దు, దూది పోగు రేకుకి చిక్కుకుంటే ఉన్న రోగానికి ఇంకోటి తోడవుతుంది. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె అసలొద్దు. దుమ్ముని పట్టి ముద్ద చేస్తాయి.

ఆరాక మళ్ళీ ఆ మూడో లైను చూడండి. ఆన్‌గానే ఉంటే రేకు విరిగుంటుంది, జాక్ మార్చాలి. చాలా మోడళ్ళలో జాక్ యూఎస్‌బీ పోర్టులతో కలిసి విడి చిన్న బోర్డు మీద, రిబ్బను కేబులుతో ఉంటుంది. అలాగైతే బోర్డు మార్చడం తేలిక. మదర్‌బోర్డుకే అతికి ఉంటే హాట్ ఎయిర్ ఉన్న షాపుకివ్వండి. మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో పీకితే ప్యాడ్లు లేచిపోతాయి.

ఇదే లక్షణంతో వచ్చి జాక్ 'ఆఫ్' చూపించేవాళ్ళకి ఒక మాట. అప్పుడు స్పీకర్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. స్పీకర్ మీద 4 ఓమ్స్ అని ఉంటే మీటర్లో దానికి కాస్త తక్కువ రావాలి, 8 అని ఉన్నా అంతే. ఓపెన్ వస్తే కాయిల్ తెగినట్టు. రెండు స్పీకర్లూ ఒకేరోజు పోవడం అరుదు, రెండూ మూగగా ఉంటే ముందు కనెక్టర్‌నే అనుమానించండి. మిషను ఆన్‌లో ఉండగా స్పీకర్ తీగను బాడీకి తగిలించి చూడకండి. ఈ ఆంప్లిఫయర్లలో రెండు తీగలూ వేడివే, ఎర్తు తీగ లేదు. తగిలిస్తే ఆంపు కాలిపోవచ్చు.

భీమవరం_డెబియన్:

ఈ చర్చ చూసి కొత్త లాప్‌టాప్ వాళ్ళు కూడా జాక్ తోమడం మొదలుపెడతారేమో, అందుకని రాస్తున్నాను. జాక్ సంగతి కాకుండా జబ్బు ఇంకో మూడు రకాలుగా కనపడుతుంది, దేనికదే వేరు.

'డమ్మీ అవుట్‌పుట్' అని ఉండి హెడ్‌ఫోన్ కూడా పలకకపోతే కెర్నెల్‌కి కార్డే దొరకలేదు. 'సుడో డీఎంఈఎస్‌జీ' చూసి అందులో ఎస్ఓఎఫ్ (సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, కొత్త లాప్‌టాప్‌లలో సౌండు చిప్పుని నడిపేది) అన్న లైన్లు వెతకండి. ఫర్మ్‌వేర్ ఫైలు లేదని ఉంటే డెబియన్, ఉబుంటులో 'ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్', ఫెడోరాలో 'అల్సా-సోఫ్-ఫర్మ్‌వేర్', ఆర్చ్‌లో 'సోఫ్-ఫర్మ్‌వేర్' ఎక్కించి రీబూట్ చెయ్యాలి. డెబియన్ 12లో అయితే సోర్సెస్ లిస్టులో 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' భాగం ఉండాలి, లేకపోతే ప్యాకేజీ దొరకదు.

రెండోది: స్పీకర్ పోర్టు జాబితాలో ఉంది, ఎంచుకున్నారు, గడి 00, జాక్ ఆఫ్, అయినా మౌనం. లేదా రేడియోలో దూరపు స్టేషన్‌లా పీలగా వస్తోంది. అది స్మార్ట్ ఆంప్ చిప్పు లేవకపోవడం. సిరస్ వాళ్ళ సీఎస్35ఎల్41, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఏఎస్2781 లాంటివి కోడెక్‌తో పాటు వేరుగా కూర్చుంటాయి, వాటికి సొంత డ్రైవరూ ఫర్మ్‌వేరూ కావాలి. లాప్‌టాప్ కోడెక్‌తో కలిసి పనిచేసేలా మొదటిదానికి కెర్నెల్ 5.17లో, రెండోదానికి 6.6లో మద్దతు వచ్చింది. ఆ తర్వాత కూడా మోడల్ మోడల్‌కీ విడిగా కలుపుతూనే ఉన్నారు. కాబట్టి ఇక్కడ మందు ఒకటే: కొత్త కెర్నెల్, కొత్త లినక్స్-ఫర్మ్‌వేర్. కొత్త ఫెడోరా పెన్‌డ్రైవ్ మీద పెట్టి, ఎక్కించకుండా లైవ్‌గా బూట్ చేసి వినండి. అక్కడ పలికితే మీ దగ్గర కెర్నెల్ పాతదన్నమాట.

మూడోది విండోస్ పక్కన పెట్టుకున్నవాళ్ళది. విండోస్ నుంచి నేరుగా లినక్స్‌కి వస్తే కోడెక్‌ని ఆ డ్రైవరు వదిలిన స్థితిలోనే దొరకబుచ్చుకుంటాం. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, షట్‌డౌన్ చేసి, చార్జర్ లేకుండా పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, అప్పుడు లినక్స్ తెరవండి.

ఇక ఆ డీఎస్పీ డ్రైవర్ లైను. 'ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ-ఇంటెల్-డీఎస్పీసీఎఫ్‌జీ డీఎస్పీ_డ్రైవర్=1' అని ప్రతిచోటా మంత్రంలా రాసేస్తున్నారు. అది ఎస్ఓఎఫ్ బదులు పాత హెచ్‌డీఏ డ్రైవర్ వాడమని చెప్పడం. కొన్నిటికి నిజంగానే సౌండు వస్తుంది, కానీ డిజిటల్ మైకు ఉన్న లాప్‌టాప్‌లో మైకు పోతుంది. ఆన్‌లైన్ క్లాసు మొదలయ్యాక ఆ సంగతి తెలుస్తుంది. ఫర్మ్‌వేరు ఎక్కించి చూశాకే దాని జోలికి వెళ్ళండి.

గట్టుమీద_టెర్మినల్:

డెబియన్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. జాక్ మార్చే వీలు వెంటనే లేనివాళ్ళు 'అల్సా-టూల్స్-జీయూఐ' ప్యాకేజీలోని హెచ్‌డీఏజాక్‌రీటాస్క్ వాడొచ్చు. ఏఎల్‌సీ256లో మామూలుగా స్పీకర్ కాలు 0ఎక్స్14, హెడ్‌ఫోన్ కాలు 0ఎక్స్21. 'అడ్వాన్స్‌డ్ ఓవర్‌రైడ్' టిక్ పెట్టి, 0ఎక్స్21 దగ్గర ఓవర్‌రైడ్ తెరిచి, జాక్ డిటెక్షన్‌ని 'నాట్ ప్రెజెంట్' చేసి, 'ఇన్‌స్టాల్ బూట్ ఓవర్‌రైడ్' నొక్కి రీబూట్. ఆ తర్వాత పిన్ను పెట్టినా తీసినా మిషనుకి తెలియదు, హెడ్‌ఫోనా స్పీకరా అన్నది మనమే ఎంచుకోవాలి, అంతే. 'నాట్ కనెక్టెడ్' పెడితే మాత్రం హెడ్‌ఫోన్ పూర్తిగా పోతుంది. ఇది పాత హెచ్‌డీఏ డ్రైవర్ మీద ఉన్న కార్డులకే పనిచేస్తుంది. '/ప్రాక్/ఏసౌండ్/కార్డ్స్'లో 'సోఫ్-హెచ్‌డీఏ-డీఎస్పీ' అని ఉంటే ఈ ఓవర్‌రైడ్‌ని ఎవరూ చదవరు.

రేవు_కుర్రోడు:

ఆల్కహాల్ తెప్పించి రెండు విడతలు చేశానండి. పిన్నుకి పచ్చటి మడ్డి అంటుకొచ్చింది. ఇప్పుడు మూడో లైను 'ఆఫ్'. సెట్టింగ్స్‌లో స్పీకర్స్ వచ్చింది. పిన్ను పెడితే హెడ్‌ఫోన్స్‌కి మారుతోంది. కానీ హెడ్‌ఫోన్ పెట్టినా ఒక్కోసారి స్పీకర్లూ పలుకుతున్నాయి, అదేంటండీ?

గట్టుమీద_టెర్మినల్:

ఆటో-మ్యూట్ మనం డిసేబుల్ చేసి వదిలేశాం కదండీ. అల్సామిక్సర్‌లో ఎఫ్6తో కార్డు ఎంచుకుని మళ్ళీ 'ఎనేబుల్డ్' చెయ్యండి, తర్వాత 'సుడో అల్సాసీటీఎల్ స్టోర్' కొట్టండి. రీబూట్ చేశాక కూడా ఒకసారి చూసుకోండి.

పాలకొల్లు_సోల్డర్:

జాక్‌కి రబ్బరు మూత దొరుకుతుంది, 3.5 సైజు అని అడగండి. అది ప్లాస్టిక్‌దో రబ్బరుదో అయినా స్విచ్చు రేకుని తోసేంత పొడవున్నది కొనకండి, మళ్ళీ మొదటికొస్తుంది. పొట్టిది తీసుకోండి.