బ్లౌజులు కుట్టడానికి పాత కాలు మిషను బదులు ఏది కొనాలి?

అడిగినవారు (రాజోలు దగ్గర లంక గ్రామం):
అందరికీ నమస్కారమండీ. అమ్మ వాడిన నల్ల కాలు మిషను మీదే ఇన్నాళ్ళూ కుడుతున్నాను. బ్లౌజులు ఎక్కువ వస్తాయి, పిల్లల లంగాలు, చీరలకి ఫాలు కూడా. శ్రావణమాసంలో, పెళ్ళిళ్ళ రోజుల్లో పొద్దున కూర్చుంటే రాత్రికి గానీ లేవను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. పైగా ఈమధ్య కుట్టు దాటేస్తోంది, పట్టు గుడ్డ మీద మరీ ఎక్కువ. ఇంట్లోవాళ్ళు జిగ్‌జాగ్ వచ్చే చిన్న కరెంటు మిషను తీసుకోమంటున్నారు. కుట్టు నేర్పిన అక్క పవర్ మిషను, అంటే టైలర్ కొట్లలో ఉండే, బల్లకి మోటారు బిగించిన పెద్ద మిషను, కొనుక్కోమంటోంది. ముప్పై వేలలోపు పెట్టగలను. ఏది మేలో చెప్పండి.

తణుకు, మిషన్లు బాగుచేస్తాను:
అమ్మా, ముందు ఆ పాతదాన్ని ఓసారి చూడండి. కుట్టు దాటితే మిషను పోయిందని కాదు. కొత్త సూది వేయండి. పట్టుకి 11 నంబరు, మామూలు కాటన్‌కి 14. సూదికి పొడుగ్గా ఉండే గాడి దారం ఎక్కించే వైపు ఉండాలి, సూది పూర్తిగా పైకంటా వెళ్ళాలి. అప్పటికీ దాటితే, కింద పైదారాన్ని పట్టుకునే షటిల్ తీసి దాని మొన మీద గోరు నడిపించండి. గరుకుగా తగిలినా, మొన మొద్దుబారినా షటిల్ మార్చేస్తే సరిపోతుంది, అది చిన్న ఖర్చే. కింద దారం ఉండలు కడుతోందా? అయితే తప్పు చాలాసార్లు పైదారంలోనే ఉంటుంది. గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం పైకెత్తి దారం మళ్ళీ ఎక్కించండి, అప్పుడే టెన్షన్ బిళ్ళల మధ్యకి దారం దిగుతుంది.

ఇవన్నీ అయ్యాక సూది బిగించే కడ్డీని పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. లొడలొడలాడితే లోపల అరిగిపోయిందన్నమాట. దాని మీద డబ్బు పెట్టొద్దు.

ఇంకోటి. మన కోనసీమ ఇళ్ళల్లో చేతికందింది కదా అని కొబ్బరినూనె పోసేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అది కొన్నాళ్ళకి జిగురులా గడ్డకట్టి మిషను బిగుసుకుపోతుంది. మిషను నూనే పొయ్యాలి. ఇప్పటికే పోసుంటే కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరాక మిషను నూనె వెయ్యండి.

అడిగినవారు:
బాబాయిగారూ, సూది మార్చాను, కాటన్ మీద దాటడం పోయింది. షటిల్ మొన గరుగ్గానే ఉంది. కడ్డీ మాత్రం గట్టిగానే ఉందండీ.

తణుకు:
అయితే షటిల్ ఒక్కటి మార్పించండి, దాని పని అయిపోలేదు. అమ్మేయొద్దు. ఇనప్పాత కింద ఇచ్చేయడం మరీ అన్యాయం.

పాలకొల్లు, లేడీస్ టైలర్‌ని:
షటిల్ మారిస్తే మిషను బాగుపడుతుంది చెల్లీ, నీ మోకాళ్ళు బాగుపడవు కదా. కాబట్టి కొత్తది కొనాల్సిందే. ఏది కొనాలన్నది నీ గుమ్మంలోకి వచ్చే పనిని బట్టి ఉంటుంది. నీకు వచ్చేవి బ్లౌజులు. బ్లౌజుకి కావలసింది తిన్నని కుట్టు, అది రోజంతా ఒకేలా పడాలి. దానికి సింగిల్ నీడిల్, అంటే ఒకే సూది ఉన్న, పవర్ మిషనే సరి. ఇంటి కరెంటు మిషన్లు ఇంట్లో అప్పుడప్పుడూ కుట్టుకోవడానికి చేసినవి. పైపింగు, అస్తరు, పట్టు కలిసి నాలుగైదు పొరలు పడ్డ చోట రోజూ తోస్తే వాటికి భారమైపోతుంది.

కొనేటప్పుడు మూడు సంగతులు గట్టిగా అడుగు. ఒకటి, మోటారు. క్లచ్ మోటారు స్విచ్ వేసిన దగ్గర్నుంచీ తిరుగుతూనే ఉంటుంది, మోతా, కరెంటూ దండగ. సర్వో మోటారు నువ్వు తొక్కినప్పుడే తిరుగుతుంది. పైగా వేగం తగ్గించి పెట్టుకోవచ్చు, కాలు మిషను నుంచి వచ్చేవాళ్ళకి అదే ముఖ్యం. మొదట్లో తక్కువలో పెట్టుకో, చెయ్యి అలవాటయ్యాక పెంచు. రెండు, కొన్ని మోడళ్ళలో మోటారు, ఎలక్ట్రానిక్ బోర్డు హెడ్డులోనే, అంటే బల్ల మీద కుట్టే భాగంలోనే, కలిసి ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, మన దగ్గర ఓల్టేజీ ఊగిసలాట, సముద్రపు గాలి, చెమ్మ. నేనైతే మోటారు విడిగా ఉన్నదే తీసుకోమంటాను. పాడైతే మోటారు ఒక్కటే మార్చుకుంటావు. మూడు, మోడల్ పేరు చివర హెచ్ ఉంటే సాధారణంగా అది జీన్సు, బ్యాగుల్లాంటి మందపు గుడ్డకి చేసింది. గుడ్డని కింద నుంచి ముందుకి నెట్టే పళ్ళు ముతకగా ఉండి పట్టు మీద గీతలు పడొచ్చు. పలచ గుడ్డకి వాడేదే అడుగు.

కంపెనీ పేరు గురించి బుర్ర పాడుచేసుకోకు. జ్యూకీ, జాక్, ఉషా ఏదైనా కావచ్చు. రాజోలులోనో అమలాపురంలోనో దాన్ని విప్పి బిగించే మనిషి, బాబిన్ కేసు (కింది దారం చుట్ట పెట్టే డబ్బీ), సూదులు దొరికే కొట్టు ఉందో లేదో చూసుకో. నీ పాత సూదులు, బాబిన్లు దీనికి పనికిరావు. దీని సూది పిడి గుండ్రంగా ఉంటుంది. నూనె కింది ట్రేలో రెండు గీతల మధ్య ఉండేలా చూసుకోవాలి, నూనె లేకుండా ఒక్క పూట కూడా నడపొద్దు.

వెళ్ళేటప్పుడు నీ దగ్గర మిగిలిన పట్టు ముక్క, అస్తరు ముక్క పట్టుకెళ్ళు. కొట్టువాళ్ళు గట్టి కాటన్ ముక్క మీద కుట్టి చూపిస్తారు, దాని మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది.

అమలాపురం, ఇంట్లో కుట్టుకుంటాను:
పాలకొల్లు అక్క చెప్పింది నిజమే. నా దగ్గరున్నది జిగ్‌జాగ్ మిషను. కాజాలు, ఫ్యాన్సీ కుట్లు వస్తాయి, మా ఇంటి మట్టుకు హాయిగా ఉంది. కానీ పండగ ముందు చుట్టుపక్కలవాళ్ళవి కూడా ఒప్పుకుంటే వేడెక్కిపోతుంది, ఆపి ఆపి కుట్టాలి. పవర్ మిషను మీద మాత్రం పీకో (చీర అంచుకి వేసే సన్నని కుట్టు) రాదండీ, అది బయట ఇప్పించుకోవాలి.

అడిగినవారు:
పీకో ఎలాగూ బయటే ఇస్తున్నాను. మరి కరెంటు పోతేనో? వరద రోజుల్లో మాకు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

పాలకొల్లు:
అందుకే అన్నయ్యగారు పాతది అమ్మొద్దన్నారు. షటిల్ మార్పించి పక్కనే ఉంచుకో. ఫాలు, లంగా అంచులు, కరెంటు లేని పూట బ్లౌజులూ దాని మీదే.

కొత్తపేట:
డబ్బు సంగతి ఒకటి చెప్తాను. పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పనీ ఉంది, 2023 సెప్టెంబరులో మొదలైంది. శిక్షణతో పాటు పనిముట్లకి రూ.15,000 వరకు ఇస్తారు, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష వరకు అప్పు కూడా ఉంది. కుటుంబంలో ఒక్కరికే. ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని కామన్ సర్వీస్ సెంటరుకి వెళ్ళి అడగండి. పండగ దగ్గరపడితే మాత్రం దాని కోసం ఆగొద్దు.

తణుకు:
లంకలో కాబట్టి చివరగా ఒక మాట. పవర్ మిషనుకి మోటారు బల్ల కింద వేలాడుతూ ఉంటుంది, నీళ్ళొస్తే ముందు తడిసేది అదే. బల్లని ఇంట్లో ఎత్తుగా ఉన్న చోట వేయించండి. గోదావరి పెరుగుతోందని తెలియగానే ప్లగ్గు తీసేసి, ట్రేలో నూనె ఒంపేసి, ఇద్దరు పట్టి హెడ్డు అటక మీదకి ఎక్కించండి. మోటారు బోల్టులు ఎలా విప్పాలో బిగించడానికి వచ్చిన మనిషి చేతే ఆ రోజే చూపించుకోండి.