బిగ్ రైడ్ ఫర్ పాలస్తీన్‌లో తొక్కడం ఛారిటీయా, రాజకీయమా?

ఉష_లీడ్స్: ఈ ఏడు బిగ్ రైడ్‌లో తొక్కుతున్నాను. 2014లో గాజాలో చనిపోయిన పిల్లల జ్ఞాపకంగా 2015లో బ్రిటన్‌లో మొదలైన సైకిల్ యాత్ర ఇది. పోగైన డబ్బు మిడిల్ ఈస్ట్ చిల్డ్రన్స్ అలయన్స్ ద్వారా అక్కడి పిల్లలకు వెళ్తుంది. మన తెలుగు సైక్లింగ్ వాట్సాప్ గ్రూపులో స్పాన్సర్ లింకు పెట్టీపెట్టగానే తీసేశారు. రాజకీయాలు వద్దట. ఇది ఛారిటీ. క్యాన్సర్ రైడ్ లింకుకు చప్పట్లు కొట్టింది ఇదే గ్రూపు కదా?

గోదారోడు: తీసింది నేనే, దాచుకోవాల్సిన పనిలేదు. ఉషగారూ, క్యాన్సర్‌కు జెండా ఉండదు. మీ రైడ్‌లో జెర్సీ మీద జెండా, హ్యాండిల్ బార్‌కు జెండా. జెండా తీసేసి తొక్కండి, లింకు నేనే పెడతా, వంద పౌండ్లూ వేస్తా.

పంక్చర్_బాబాయ్: హ్యాండిల్‌కు కట్టిన గుడ్డ ముందు చక్రంలో పడితే పళ్లు రాలతాయి. జెర్సీ అయితే పర్లేదు.

వేపచెట్టు: జెండా ఒక సాకు. 2019లో ఇదే రైడ్ ముగింపు సభకు లండన్‌లో టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ పార్కు ఇవ్వలేదు. తర్వాత సమాచార హక్కు కింద ఈమెయిళ్లు బయటికొచ్చాయి. ఇజ్రాయెల్ మీద విమర్శ వస్తే యూదు వ్యతిరేకతకు కౌన్సిల్ పాటించే నిర్వచనం కిందికి వస్తుందేమోనని అధికారుల భయం. డబ్బు పోగుచేసింది దేనికో తెలుసా? గాజా పిల్లల ఆటసామాన్లకు!

గోదారోడు: చూశారా, నా మాటే మీరూ చెప్తున్నారు. కౌన్సిలే జంకిన చోట వాట్సాప్ అడ్మిన్ ఎంత? గ్రూపులో సగం మంది స్టూడెంట్ వీసాల వాళ్లు. 2025 జూలైలో పాలస్తీన్ యాక్షన్ అనే నిరసన సంస్థను ఉగ్రవాద చట్టం కింద నిషేధించాక, దానికి మద్దతుగా ప్లకార్డు పట్టుకున్నవాళ్లను పోలీసులు వందల్లో పట్టుకెళ్లారు.

వేపచెట్టు: అది వేరే సంస్థండీ బాబూ. ఊళ్లో పెళ్లయితే మీకెందుకు హడావుడి?

గోదారోడు: వేరేదని వీసాలు చూసే హోమాఫీస్‌కు మీరొచ్చి చెప్తారా? నా ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) టెన్షన్ మీకేం తెలుసు.

కొత్త_కుర్రాడు: అన్నా, నాదీ స్టూడెంట్ వీసానే. రైడ్‌కు పర్మిషన్ ఉంటుందా, పోలీసులు ఉంటారా?

(ఎవరూ జవాబివ్వలేదు.)

ఉష_లీడ్స్: గాజాలో ‘అలా అల్ దాలీ’ అనే సైక్లిస్టు ఉన్నాడు. 2018 ఆసియా క్రీడలకు తయారవుతూ, మార్చి 30న సరిహద్దు దగ్గర నిరసనకు సైకిల్ మీద వెళ్లాడు. ఇజ్రాయెల్ సైనికుడు కాల్చిన తూటాకు కుడికాలు పోయింది. ఒంటికాలితో మళ్లీ తొక్కి, గాజా సన్‌బర్డ్స్ అని కాళ్లు చేతులు పోయినవాళ్ల టీమ్ పెట్టాడు. యుద్ధంలో ఆ టీమే తిండి, సామాన్లు పంచింది. మనం లైక్రా వేసుకుని వారం వారం తిరిగేవాళ్లం, ఇది మన గ్రూపుకు సంబంధం లేని విషయమా?

గోదారోడు: ఏడిపించకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని డాబా మీద కూర్చుంది, కింద ఫ్రిజ్ నీళ్లలో తేలుతోంది. ఇదే గ్రూపులో లింకు పెట్టాను. దండం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు.

ఉష_లీడ్స్: నేను ఇచ్చాను అన్నా. చూసుకో.

గోదారోడు: ఇచ్చావు. తొక్కలేదు! మనవాళ్ల కోసం నీకు సైకిల్ ఎక్కాలనిపించలేదు. గాజా అంటే మాత్రం ఊళ్లు దాటుతావు. నా కడుపుమంట అదీ.

వేపచెట్టు: ఇప్పటికి బయటపడ్డారు. జెండా, వీసా అంతా పైకి చెప్పే మాట.

ఉష_లీడ్స్: బుడమేరుకు సైకిల్ దేనికి? వరద రాలేదని ఎవరైనా వాదించారా? పిన్నికి సాయం చేయండి అంటే నీ లింకును ఎవరైనా గ్రూపులోంచి తీసేశారా? డబ్బే అయితే నేను ఇంట్లో కూర్చుని పంపేదాన్ని. అక్కడ పిల్లలు చస్తున్నారు, చంపేవాళ్లున్నారు అని నలుగురికీ కనబడేలా చెప్పాలనే తొక్కుతున్నా. జెండా తీయను. అవును, రాజకీయమే.

గోదారోడు: మరి పైన ఛారిటీ అని ఎందుకు దబాయించావు?

ఉష_లీడ్స్: ఛారిటీ కూడా కాబట్టి. పైగా ఆ మాట అంటేనే మీరు లింకు ఉండనిస్తారు కాబట్టి.

సరళ_ఆడిటర్: ఈ దేశంలో ఛారిటీలు తమ ఆశయం కోసం ప్రచారం చేసుకోవచ్చు. పార్టీలను మాత్రం భుజాన వేసుకోకూడదు. చట్టం ఒప్పుకున్నదాన్ని మీరు ఒప్పుకోకపోవడం విచిత్రం.

గోదారోడు: చట్టం గ్రూపు నడపట్లేదండీ, నేను నడుపుతున్నా. లింకు పెట్టను. వంద పౌండ్లు వేస్తాను, పేరు లేకుండా.

ఉష_లీడ్స్: పేరు లేకుండా అయితే నాకొద్దన్నా.

పంక్చర్_బాబాయ్: వంద పౌండ్లు వద్దంటారేంటమ్మా! అటైనా ఇటైనా ముందు కలెక్షన్‌లో వేయించు, తర్వాత కొట్టుకోండి.