మేనేజర్ నోటిమాటగా చెప్పినదాన్ని గొడవ లేకుండా మెయిల్‌లో ఎలా పెట్టాలి?

ప్రశ్న:
నమస్తే అండి అందరికీ. మా మేనేజర్ నిన్న కాల్‌లో, శుక్రవారం రిలీజ్‌కి టైం లేదు, పేమెంట్ మాడ్యూల్ టెస్టింగ్ వదిలేసి లైవ్‌కి పంపించెయ్, తర్వాత చూసుకుందాం అన్నారు. రేపు ఏదైనా తేడా కొడితే టెస్ట్ చెయ్యకుండా ఎవరు పంపమన్నారని నన్నే నిలదీస్తారు. ఆయన చెప్పారని రాతపూర్వకంగా ఉండాలి, అలాగని ఆయన మీద కంప్లైంట్ రాసినట్టు ఉండకూడదు, రోజూ ఆయనతోనే పని కదా. "మీరు టెస్టింగ్ వద్దన్నారు కాబట్టి ఏ సమస్య వచ్చినా నా బాధ్యత లేదు" అని రాసి పెట్టుకున్నా. పంపెయ్యనా? పై మేనేజర్‌ని సీసీలో పెట్టాలా?

జవాబు:
ఆ డ్రాఫ్ట్ మాత్రం పంపకండి. నా బాధ్యత లేదు అన్న ముక్క చూడగానే ఆయన టెస్టింగ్ సంగతి వదిలేసి నేనలా అనలేదే అని మొదలుపెడతారు, అప్పుడు మీ మాట మీద ఆయన మాట అవుతుంది, పని అక్కడే ఉంటుంది. మీ మెయిల్ చదివాక ఆయన చెయ్యాల్సింది ఒక నిర్ణయం చెప్పడం, అంతే. ఇలా రాయండి:

సబ్జెక్ట్: శుక్రవారం రిలీజ్, పేమెంట్ టెస్టింగ్ మీద మీ నిర్ణయం కావాలి

సర్, నిన్నటి కాల్‌లో అనుకున్నది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా లేదా ఒకసారి చూడండి. పేమెంట్ మాడ్యూల్ టెస్టింగ్ లేకుండా శుక్రవారం లైవ్‌కి వెళ్తున్నాం. రీఫండ్లు, మధ్యలో ఆగిపోయిన ట్రాన్సాక్షన్లు ఇంకా చెక్ చెయ్యలేదు, వాటికి ఒక రోజు పడుతుంది. పేమెంట్ మార్పులు పక్కనపెట్టి మిగతావి శుక్రవారం పంపొచ్చు, లేదా మొత్తం సోమవారానికి జరపొచ్చు. ఏది చెయ్యమంటారో రేపు మధ్యాహ్నం లోపు చెప్తే అలాగే చేస్తాను.

ఇందులో భయం, అనుమానం, నింద ఏమీ లేవు చూడండి, కానీ కాల్‌లో ఏం అనుకున్నారో, ఏది చెక్ అవ్వలేదో పేర్లతో సహా రికార్డులో పడిపోయింది. రిస్క్ ఉంది అని ఊరికే రాస్తే ఎవరూ పట్టించుకోరు, రీఫండ్లు చెక్ చెయ్యలేదు అంటే ఆయనే ఆగి ఆలోచిస్తారు. రిప్లై రాకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటాను అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు, అది మీ మెడకే చుట్టుకుంటుంది.

సీసీ ఇప్పుడే వద్దు, మొదటి మెయిల్ ఆయనకే. రేపటిలోగా జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చెయ్యండి, అప్పటికీ రాకపోతే పైవాళ్ళని కలుపుతున్నానని ఆయనకి చెప్పి మరీ కలపండి. బీసీసీ (మిగతావాళ్ళకి కనిపించకుండా కాపీ పంపడం) జోలికి అసలు పోవద్దు, అందులో ఉన్నవాళ్ళు రిప్లై ఆల్ కొట్టారంటే దాచిపెట్టి పంపిన సంగతి అందరికీ తెలిసిపోతుంది.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. ఆయన మెయిల్‌కి జవాబివ్వకుండా మళ్ళీ ఫోన్ చేసి కానియ్ అంటే? పోనీ వాట్సాప్‌లో పెడితే సరిపోదా?

జవాబు:
ఫోన్ పెట్టగానే అదే మెయిల్ కిందే "ఇందాక ఫోన్‌లో మీరు చెప్పినట్టు శుక్రవారమే పంపుతున్నాను, రీఫండ్లు సోమవారం చెక్ చేస్తాను" అని రెండు లైన్లు రాయండి చాలు. వాట్సాప్ వద్దండి, అందులో మెసేజ్ పెట్టాక 15 నిమిషాల దాకా మార్చుకోవచ్చు, తర్వాత డిలీట్ కూడా చేసుకోవచ్చు. అలాగే రుజువు కోసమని ఆఫీస్ మెయిల్స్ మీ సొంత మెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకోవద్దు, చాలా కంపెనీల్లో అది పాలసీకి విరుద్ధం, న్యాయం మీ వైపున్నా తప్పు మీదైపోతుంది.

ఇంకొకరు:
ఒక్క మాట కలుపుతాను. ఈ మెత్తటి పద్ధతి పని నిర్ణయాలకే. వేధింపులు, దొంగ లెక్కలు, మనుషుల ప్రాణానికి ముప్పు లాంటివైతే ఆ మనిషినే మర్యాదగా అడుగుతూ కూర్చోకుండా తేదీ, టైం, ఎవరెవరున్నారో రాసి నేరుగా హెచ్‌ఆర్‌కో కంప్లైంట్ కమిటీకో ఇవ్వండి. ఇంకా, ఇలాంటి మెయిల్ రాసేటప్పుడు టు అడ్రస్ చివర్లో పెట్టండి, సగంలో వేలు తగిలినా వెళ్ళదు. జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ని వెంటనే ఆపేసే అన్‌డూ సెండ్ గడువుని సెట్టింగ్స్‌లో 30 సెకన్లకి మార్చుకోవచ్చు, అంతకుమించి కుదరదు. అవుట్‌లుక్ రీకాల్‌ని నమ్ముకోకండి, బయటి కంపెనీ వాళ్ళకి వెళ్ళిన మెయిల్ దాంతో వెనక్కి రాదు.