మధ్య పిన్ లేని కెమెరాకి మొదటి ఫ్లాష్ ఏది కొనాలి?

అన్నలూ, అక్కలూ, మాది పర్లాకిమిడి. నాది కానన్ 200డి మార్క్ 2. మొన్న చెల్లి నిశ్చితార్థంలో కెమెరాలో ఉన్న ఫ్లాష్ వేస్తే అందరి నుదుళ్లూ తెల్లగా మెరిశాయి, వెనక గోడ మీద నల్లటి నీడలు. చాలా బాధేసింది.

చవకని గొడాక్స్ టీటీ600 కొనబోయాను. ఈ కెమెరా హాట్ షూలో, అంటే పైన ఫ్లాష్ తగిలించే చోట, మధ్య పిన్ లేదు, పైన పెడితే అది వెలగదట! అందుకే కానన్‌కి చేసిన టీటీఎల్ ఫ్లాష్ (ఎంత వెలుగు కావాలో కెమెరాతో కలిసి తనే చూసుకునేది), గొడాక్స్‌దే టీటీ685 రెండో వెర్షన్ చూస్తున్నా. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. పెళ్లి రాత్రంతా ఎన్ని సెట్లు కావాలి? లేక లిథియం బ్యాటరీ ఉన్న వీ860 మూడో వెర్షన్ కోసం ఇంకాస్త డబ్బు కూడబెట్టాలా?

ఇంకోటి, మాది పెంకుటిల్లు. తెల్లటి సీలింగ్ లేదు. ఫ్లాష్ వెలుగు నేరుగా మొహం మీద పడకుండా బౌన్స్ దేని మీద కొట్టాలి? వాడినవాళ్లు దయచేసి చెప్పండి, ముహూర్తం వచ్చే నెలే.