తినగ తినగా, తినగ దినగా? (స్కిల్ స్పెషాలిటీ పేజీకి ఒక వేమన పాదం)

ఇరవైముఖాలు:
పాత్రలు వేసి పాచికలతో ఆడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌కి, అంటే 2014 పుస్తకానికి, హౌస్ రూల్స్ (మా సొంత రూల్స్) తెలుగులో రాస్తున్నాం. స్పెషాలిటీల పేజీ నెత్తిన 'అనగననగ రాగ మతిశయిల్లుచునుండు' పద్యం పెడదామనుకున్నాం. రెండో పాదం దగ్గరే పేచీ. 'తినగ తినగ వేము' అని కొందరు, 'తినగ దినగ' అని కొందరు. ఏది ఉంచాలి? అలాగే స్పెషాలిటీకి ఒక మంచి తెలుగు మాట కావాలి. రూల్ ఇది: ప్రొఫిషియెన్సీ (శిక్షణ, దానికి పాచిక మీద కలిసే బోనస్) ఉన్న స్కిల్‌లో ఒక ఇరుకు విషయం ఎంచుకుంటే, అది ఎదురైనప్పుడల్లా అడ్వాంటేజ్, అంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం. ఒకటో లెవెల్లో ఒకటి, ఆపైన ప్రొఫిషియెన్సీ బోనస్ పెరిగే 5, 9, 13, 17 లెవెళ్లలో ఒక్కొక్కటి.

అరసున్న:
'తినఁగఁ దినఁగ'. ఇందులో చర్చకేముంది? తినఁగన్ ద్రుతాంతం. ద్రుతప్రకృతికం మీది పరుషానికి (త) సరళం (ద) రావాలి. చిన్నయసూరి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. రెండో 'తినగ'లో త ఉంచడం అచ్చాఫీసుల పుణ్యం.

సూర్యగణం:
చిన్నయసూరి పుట్టకముందే వేమన పద్యాలు ఊళ్లు తిరిగాయండీ. గణాలు చూడండి: తినగ, తినగ, వేము, తియ్య, నుండు. న, న, హ, హ, హ. రెండోదాన్ని 'దినగ' చేసినా న గణమే. యతి నాలుగో గణంలోని 'తియ్య' మీద పడింది, అక్కడ తగువు లేదు. కాబట్టి ఆటవెలది ఇద్దరిలో ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పదు.

వేపపుల్ల:
మొదటి పాదమే 'వినగ వినగ రాగ' కదా? వినే కొద్దీ రాగం రుచిస్తుంది, తినే కొద్దీ వేపాకు రుచిస్తుంది. జోడీ కుదిరింది.

సూర్యగణం:
జోడీ కుదిరినా యతి కుదరదు. నాలుగో గణం 'మతిశయి'. రాగము + అతిశయిల్లు, లోపల అ దాగుంది. అనగకి అతికి స్వరయతి. 'వి' పెడితే పాదం కుంటుతుంది. పైగా ఇక్కడ అనడమంటే పాడటం. వినేవాడికి సాధనేముంది, పాడేవాడిదే గొంతు నొప్పి.

వేపపుల్ల:
సరే, ఒప్పుకున్నాం. మరి 'అనగ అనగ రాగం, తినగ తినగ రోగం' సామెత మాటేమిటి? జనం నోట 'తినగ' తినగగానే ఉంది. దినగ అన్నవాడిని ఒక్కడిని చూపించండి.

అరసున్న:
సామెత పద్యానికి పేరడీ అని నా అనుమానం. వేము తియ్యబడటాన్ని ఎవరో తిండిపోతు రోగంగా మార్చాడు. పుట్టినతేదీ లేని సామెతని సాక్షిగా పిలవొద్దు. బ్రౌన్ 1829లో అచ్చేసినప్పుడు కూడా ఒకే పద్యానికి నానా పాఠాలు ఉండేవి. నోట నడిచిన కవికి ఇది మామూలే.

పాచికశాస్త్రి:
పద్యం సంగతి తర్వాత, రూల్‌కి ముందు వైద్యం చేయాలి. ఐదో లెవెల్ పాత్ర, ఇంటెలిజెన్స్ +3, ప్రొఫిషియెన్సీ +3, హిస్టరీ మొత్తం +6 అనుకోండి. డీసీ (పాచికకి బోనస్ కలిపి చేరాల్సిన అంకె) 20కి 14 పడాలి, 35 శాతం. ఎక్స్‌పర్టైజ్ (ప్రొఫిషియెన్సీ రెట్టింపు) ఉన్న రోగ్‌కి, అంటే దొంగ తరహా పాత్రకి, +9, అంటే 50 శాతం. మీ అడ్వాంటేజ్‌తో దాదాపు 58 శాతం. క్లాస్ ఫీచర్ కింద ఎక్స్‌పర్టైజ్ తెచ్చుకున్నవాడిని ఎవరో ఉచితంగా దాటేశారు. డీసీ 25కి లెక్క తిరగబడుతుంది: మామూలుగా 10, ఎక్స్‌పర్టైజ్‌తో 25, అడ్వాంటేజ్‌తో 19. అంటే నిజమైన కష్టం వచ్చినప్పుడు మీ నిపుణుడు చేతులెత్తేస్తాడు. స్పెషాలిటీ చేయాల్సింది సరిగ్గా దీనికి ఉల్టా.
ఇంకో రెండు చిల్లులున్నాయి. అడ్వాంటేజ్ రెండు చోట్ల నుంచి వచ్చినా ఒక్కటే, కాబట్టి పక్కవాడు హెల్ప్ చేస్తే (అదీ అడ్వాంటేజే ఇస్తుంది) స్పెషాలిటీ దండగ. రెండోది ఇంకా పెద్దది: అడ్వాంటేజ్ ఉంటే పాసివ్ స్కోరుకి (పాచిక వేయకుండా వాడే అంకెకి) 5 కలుస్తుంది. పర్సెప్షన్‌లో 'మాటులు' అని రాసుకున్నవాడి పాసివ్ 13 కాస్తా మాటు దగ్గర 18. డీఎం (ఆట నడిపేవాడు) ఇక మాటు వేయడం మానుకోవాల్సిందే.
నికరంగా +2 ఇవ్వండి. డీసీ 20కి 45 శాతం, 25కి 20 శాతం, హెల్ప్‌తో కలుస్తుంది, పాసివ్‌కి 2 మాత్రమే. ఎక్స్‌పర్టైజ్ ఉన్న స్కిల్ మీద మాత్రం వద్దు. 17వ లెవెల్లో ఎక్స్‌పర్టైజ్‌కి 12, డెక్స్టెరిటీ 5, దానికి ఈ 2 కలిస్తే 19. స్కిల్ చెక్‌లో 1 పడినా దానంతటది ఓటమి కాదు కనుక డీసీ 20 వాడికి లేనట్టే.

మూడోకూర్పు:
+2 పాత మందే. ఇదే ఆట 3.5 ఎడిషన్‌లో స్కిల్ ఫోకస్ ఏకంగా +3. కానీ నాకు పద్యం మీదే అభ్యంతరం. 'సాధనమున పనులు సమకూరు' అంటే చేయగా చేయగా వచ్చేది. మీ రూల్‌లో సాధన ఎక్కడుంది? లెవెల్ రాగానే కాగితం మీద రాసుకోవడమే కదా. ఈ పద్యం కాల్ ఆఫ్ కతుల్హూ అనే ఇంకో పాత్రల ఆట సొత్తు. ఆటలో స్కిల్ నెగ్గితే పక్కన టిక్కు, ఆనక టిక్కున్న స్కిల్‌కి నూరు పాచిక, ఉన్న శాతం కంటే ఎక్కువ పడితే 1డి10 పెరుగుదల. 30 ఉన్నవాడికి పెరిగే అవకాశం 70 శాతం, 80 ఉన్నవాడికి 20. మొదటి ఆకుల చేదు గబగబా పోతుంది, చివరి చేదు ఒక పట్టాన పోదు. ఆ పద్ధతి 1978 నాటి రూన్‌క్వెస్ట్ ఆట నుంచీ ఉన్నదే.

ఇరవైముఖాలు:
అయితే టిక్కు తెచ్చుకుందాం. గత స్పెషాలిటీ తర్వాత మూడు టిక్కులు పడిన విషయాన్నే కొత్త స్పెషాలిటీగా రాసుకోవాలి, అంటే?

పాచికశాస్త్రి:
టిక్కు పెడితే టిక్కు కోసమే ఆడతారు. తెరిచున్న తలుపు తాళం కూడా వేసి మళ్లీ తీస్తారు. ఓడితే నష్టం ఉన్న చెక్‌కే టిక్కు, ఆటలో ఒక రోజుకి ఒక్కటే అని కట్టండి. నెగ్గాలన్న షరతు వద్దు, ఓటమికీ టిక్కు ఇస్తేనే కొత్తవాడు ముందుకొస్తాడు.
ఇరుకు ఎంత అన్నది కూడా రాయండి, గొడవలన్నీ అక్కడే. ఆ స్కిల్ వాడే నాలుగు సందర్భాల్లో ఒకదానికి మించి వర్తించకూడదు. స్టెల్త్‌లో 'చీకట్లో' కుదరదు, దాక్కునేదే చీకట్లో. 'జనంలో కలిసిపోవడం' కుదురుతుంది. పర్స్వేషన్‌లో 'మనుషులు' కాదు, 'బేరం' సరే. ఆర్కానాలో 'శాపాలు' సరే. డీఎం డీసీ చెప్పాక, పాచిక వేయకముందే స్పెషాలిటీ అడగాలి. వేశాక గుర్తొస్తే లేనట్టే.

వేపపుల్ల:
మాట అడిగారు కదా, 'చేతివాటం' ఎలా ఉంది?

అరసున్న:
రోగ్‌కి అచ్చంగా సరిపోతుంది, పాలడిన్ (ధర్మవీరుడి తరహా పాత్ర) పేరు పక్కన ఆ మాట కనబడితే కేసు పెడతాడు. ఎక్స్‌పర్టైజ్‌కి 'అందెవేసిన చెయ్యి' అనండి. చిన్న స్పెషాలిటీకి 'చెయ్యి తిరగడం' చాలు.

మూడోకూర్పు:
అందె కాలికి కదా, చేతికెందుకు వేశారు?

అరసున్న:
గండపెండేరం లాంటి బిరుదు నగ అనే నా నమ్మకం. కాలి నుంచి చేతికి మాట జారింది.

సూర్యగణం:
గండపెండేరం అయితే పెద్దన నోటే వినండి. రాయలు పోయాక ఏడ్చిన 'ఎదురైనచో' సీసంలో 'తానె పాదమున దొడిగె' అని స్పష్టంగా పాదం అన్నాడు. చెయ్యి అనలేదు. ఏనుగు ఆపి చెయ్యందించిన ముక్క వేరే పాదంలో ఉంది. ఆ సీసం మొత్తం ఏ ఎత్తుగీతికి తగ్గట్టు మలిచాడో చూస్తే…

ఇరవైముఖాలు:
పెద్దనకి వేరే దారం తెరవండి, దండం పెడతాను. రూల్ మార్చాం: +2, మూడు టిక్కులు, ఎక్స్‌పర్టైజ్ మీద నిషేధం. మాట 'చెయ్యి తిరగడం'. పద్యంలో ప్రస్తుతానికి 'తినగ తినగ' ఉంచాం, చదివేవాళ్లకి అలవాటని.

అరసున్న:
అలవాటు వ్యాకరణం కాదు. నా అసమ్మతి ఫుట్‌నోట్‌లో వేయండి.

వేపపుల్ల:
అది సరే, చివర 'తియ్యనుండు' అని వేస్తున్నారా, 'తియ్యగుండు' అనా?

సూర్యగణం:
రెండూ హ గణాలే.