తెగినా రెండు వారాలు చావని నరం ఉన్న ఎలుక: నాన్న చేతికి ఇది పనికొచ్చేదా?

ప్రశ్న (ఫిజియోథెరపీ విద్యార్థిని, కోనసీమ)

ఆరు వారాల కిందట బొండాలు కొడుతుంటే కత్తి జారి నాన్న ఎడమ చేయి తెగింది, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన. చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం పూర్తిగా తెగిపోయిందన్నారు. మర్నాడే కుట్టారు. నరాల టెస్టు మాత్రం మూడు వారాలు ఆగాకే చేస్తామన్నారు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. మొన్న క్లాసులో మేడం ఒక ఎలుక గురించి చెప్పారు. నరం కోసినా కింది ముక్క రెండు మూడు వారాలు బతికే ఉంటుందట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనిషి నరం కూడా అలా ఉండి ఉంటే నాన్న చిటికెన వేలు ఈపాటికి కదిలేదా?

జవాబు 1

ముందు నాన్నగారి చేయి బాగుపడాలమ్మా. నేను కొన్నేళ్లు ఆ ఎలుకలతోనే పనిచేశాను.

మామూలు ఎలుక తొడ నరం కోసి, రెండో రోజు కింది ముక్కకు కరెంటు ఇస్తే పాదంలో చలనం ఉండదు. మైక్రోస్కోపు కింద తంతువులు ముక్కలు ముక్కలుగా, తెగిన పూసల దండలా కనిపిస్తాయి. కప్ప నాలుక నరాలు కోసి వాలర్ అనే శాస్త్రవేత్త 1850లో చూసింది ఇదే. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో లన్, పెర్రీ, బ్రౌన్ వాళ్లకు మాత్రం ఓలా అనే రకం ఎలుకల్లో కోసిన నరం రోజులు గడిచినా చెక్కుచెదరకుండా కనిపించింది. నేను మొదటిసారి అయిదో రోజున మీట నొక్కినప్పుడు ఆ పాదం వేళ్లు ముడుచుకున్నాయి. వైరు ఎక్కడో తప్పు తగిలిందేమోనని మూడుసార్లు సరిచూసుకున్నాను.

అంతకుముందు, పైనుంచి తిండి అందక నరం వాడిపోతుందనుకునేవాళ్లం. అసలు సంగతి వేరు. తంతువు బతకడానికి ఎన్‌ఏడీ అనే చిన్న అణువు కావాలి, దాన్ని తయారుచేసే ఎన్‌ఎంనాట్2 అనే ఎంజైము తంతువులో ఉంటుంది. ఎక్కువసేపు నిలవదు, కణం నుంచి ఎప్పటికప్పుడు రావాల్సిందే. నరం తెగితే అది అయిపోతుంది, వెంటనే సార్మ్1 అనే ప్రోటీన్ మేలుకుని తంతువులోని ఎన్‌ఏడీని కరిగించేస్తుంది. చంపే ఏర్పాటు తంతువు లోపలే ఉందన్నమాట. ఈ ఎలుకలో రెండు జన్యువులు అతుక్కుని, ఎక్కువ కాలం నిలిచే ఎన్‌ఎంనాట్ తయారవుతోంది. 2001లో తేలింది. ఎన్‌ఎంనాట్2 లేని లోటు అది తీరుస్తుంది.

ఇక మీ ప్రశ్నకు: కదిలేది కాదు తల్లీ. కింది ముక్క బతికున్నా మెదడు మాట దానికి అందదు. పైముక్క నుంచి కొత్త మొలక రావాల్సిందే. పాత తంతువు అడ్డం ఉంటే స్పర్శ తంతువుల మొలక ఇంకా ఆలస్యమవుతుందని ఆ ఎలుకల్లోనే చూశారు. నేను దీని మీద ఆశ పెట్టుకున్నది తెగిన నరాల కోసం కాదు, కీమో మందులకు అరిచేతులూ అరికాళ్లూ మొద్దుబారేవాళ్ల కోసం. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇచ్చినా ఈ ఎలుకల నరాలు బాగా తట్టుకున్నాయి.

జవాబు 2 (నరాల టెస్టులు చేసే టెక్నీషియన్)

మూడు వారాల సంగతి నేను చెప్తాను. మనిషిలో తెగిన నరం కింది ముక్క కూడా కొన్ని రోజులు కరెంటును మోస్తుంది. కండరం దాదాపు వారం దాకా పలుకుతుంది, స్పర్శ తంతువులు ఇంకాస్త ఎక్కువ. మూడో రోజు గాయానికి కింద పరీక్షిస్తే అంతా బాగున్నట్టే కనిపించి మోసపోతాం. అందుకే ఆగమంటారు.

మొలక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. అరచేతి దాకా నెలలే. ఈలోగా ఉంగరం వేలు, చిటికెన వేలు వంకరపోకుండా స్ప్లింటు మానొద్దు. ఆ వేళ్లకు స్పర్శ ఉండదు కాబట్టి వేడి గిన్నెలు ముట్టుకోనివ్వకండి.

ప్రశ్న అడిగినామె

ఇద్దరికీ నమస్కారాలు. మీ జవాబులు చదివాక నాన్నను కూర్చోబెట్టి కుట్టు దగ్గర నుంచి కిందికి వేలితో మెల్లగా తట్టుకుంటూ వచ్చాను. అంగుళం కింద ఒకచోట ఆపమన్నారు. చిటికెన వేల్లోకి జివ్వుమందట. మొలక కొస అక్కడి దాకా వచ్చిందన్నమాట. అక్కడ పెన్నుతో చుక్క పెట్టి తేదీ రాశాను. వచ్చే ఆదివారం మళ్లీ తడతాను.