సమస్యాపూరణం: పైకి నెట్టిన నింటికే వచ్చి పడును

నిర్వహణ (పర్లాకిమిడి):
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు రాయాలి. పూరణల పైనున్నవి సభ్యుల కలంపేర్లు.

"పైకి నెట్టిన నింటికే వచ్చి పడును"

పైకి / నెట్టిన / నింటికే / వచ్చి / పడును: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొందిక) పై – వ. పవర్గానికి వకారంతో మైత్రి ఉంది, ఐత్వానికి అకారంతో మైత్రి ఉంది కనుక శంక అక్కరలేదు. నెట్టినన్ + ఇంటికే అని పదవిభాగం.

ఫోన్ సాఫ్ట్‌వేర్ మారాక తెర మారి తికమకపడేవారికి పనికొచ్చేలా పూరించాలి. పద్యం చదివి ఫోన్ పట్టుకున్నవారికి దారి దొరకాలి. పద్యంలో చెప్పిన పని తెరమీద జరగకపోతే, ఛందస్సు ఎంత బాగున్నా మెచ్చుకోం. ఫోన్, యాప్, బ్యాటరీ వంటి మాటలు వాడుకోవచ్చు. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పాఠం చెప్పిన ఊళ్లో వాడుకమాటకు అడ్డుచెప్పేవారు ఉండరు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మూడు మీటలు పోయిన మోము క్రింద
గీత యొక్కటి మిగిలె, నాకేమి వెఱపు?
అడుగుటంచున వ్రేలుంచి యాగకుండ
పైకి నెట్టిన నింటికే వచ్చి పడును.

నిర్వహణ:
చక్కని పూరణ. అభినందనలు. "మోము క్రింద" దగ్గర, తర్వాత జంట అక్షరం ఉంది కనుక, ము గురువు (బరువైన అక్షరం) అవుతుందా అని ఎవరైనా అడగవచ్చు. రెండూ విడి తెలుగు మాటలు, సమాసం కాదు, కాబట్టి లఘువే (తేలికైన అక్షరమే).

ఈ పద్యానికి ప్రాణం "ఆగకుండ" అన్న మాట. అడుగు అంచు నుంచి వేలు ఆపకుండా పైకి జరిపితే హోమ్ (ఫోన్ మొదటి తెర, పద్యంలోని "ఇల్లు") వస్తుంది. సగంలో ఒక్క క్షణం ఆపితే ఇల్లు రాదు, తెరిచి ఉన్న యాప్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. "ఒకసారి ఇంటికి పోతుంది, ఒకసారి ఏవో అట్టలు వస్తాయి" అనే పెద్దవాళ్ల ఫిర్యాదుకు కారణం ఈ ఆగడమే. వేలు తెర నడుమ నుంచి మొదలుపెడితే ఇంటికి పోదు, పేజీ మాత్రం జరుగుతుంది. అంచు కిందనుంచే మొదలవ్వాలి.

వంశధార (గుణుపురం):
పద్యం బాగుంది కానీ అందరికీ ఈ పద్ధతే నేర్పాలా అన్నది నా సందేహం. ఐఫోన్‌లో హోమ్ బటన్ లేకుండా ఐఫోన్ ఎక్స్ వచ్చింది 2017లో. ఆండ్రాయిడ్‌లో ఈ పూర్తి జరుపుడు పద్ధతి ఆండ్రాయిడ్ 10తో 2019లో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో అడుగున ఉండే మూడు బటన్లు (వెనక్కి, హోమ్, ఇటీవలి యాప్‌లు) ఇప్పటికీ తిరిగి తెచ్చుకోవచ్చు. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద నావిగేషన్ మోడ్, కొన్నింటిలో అది జెశ్చర్స్ లోపల ఉంటుంది. శామ్‌సంగ్‌లో డిస్‌ప్లే కింద నావిగేషన్ బార్. అయితే వెనక్కి వెళ్లే బటన్ శామ్‌సంగ్‌లో మామూలుగా కుడివైపు, చాలా ఇతర ఫోన్లలో ఎడమవైపు ఉంటుంది. ఫోన్ మార్చినవాళ్లు తడబడేది అక్కడే. శామ్‌సంగ్‌లో బటన్ల వరుసను అదే చోట తారుమారు చేసుకోవచ్చు.

నిర్వహణ:
సమంజసం. చేయి వణికేవారికి, వేలు పొడిబారి తెర సరిగా అందుకోనివారికి మూడు బటన్లే మేలు. మిగతావారు జరుపుడు నేర్చుకుంటేనే మంచిది. ఐఫోన్ చేతికొచ్చినా అదే పనికొస్తుంది.

ఋషికుల్య (బరంపురం):
తెగదు పిలుపది, పచ్చని తిలకముండు
దాని నంటిన మాటకు దారి దొరకు
మాట సాగుచునుండగా మఱచి వ్రేలు
పైకి నెట్టిన నింటికే వచ్చి పడును.

నిర్వహణ:
ఈ వారం పూరణల్లో నాకు బాగా నచ్చినది ఇదే. మాట్లాడుతూ పైకి నెడితే హోమ్ వస్తుంది, కాల్ మాత్రం తెగదు. అవతలివారికి మన గదిలోని మాటలన్నీ వినిపిస్తూనే ఉంటాయి. ఈ సంగతి తెలియక ఇబ్బంది పడేవారు చాలామంది. తెర పైభాగాన కాల్ సమయం చూపే చిన్న పట్టీని తాకితే కాల్ తెర తిరిగి వస్తుంది, ఎర్ర బటన్ అక్కడ ఉంటుంది. పట్టీ ఐఫోన్‌లో, చాలా ఆండ్రాయిడ్‌లలో పచ్చగా ఉంటుంది. థీమ్‌ను బట్టి రంగు మారే ఫోన్లు కూడా ఉన్నాయి కనుక రంగుకంటే నడుస్తున్న సమయాన్ని చూసి గుర్తుపట్టమని చెప్పండి.

నాగావళి (రాయగడ):
కాల్ మాట వచ్చింది కనుక ఇంకొకటి. 2025 ఆగస్టులో గూగుల్ ఫోన్ యాప్ రూపం చాలామందికి మారింది. అది ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్పు కాదు, ఆ ఒక్క యాప్ మార్పు. "నేను ఏ అప్‌డేటూ చేయలేదే" అని వాళ్లన్నది నిజమే, యాప్‌లు వాటంతట అవే మారుతుంటాయి. ఫేవరెట్స్, రీసెంట్స్ కలిసి హోమ్ అనే ఒకే అరగా మారాయి, కాంటాక్ట్స్ పక్క మెనూలోకి వెళ్లాయి. కాల్ ఎత్తడానికి ఇదివరకు పైకి నెట్టేవాళ్లం, ఇప్పుడు అడ్డంగా జరపాలి. అది కుదరకపోతే ఆ యాప్ సెట్టింగ్స్‌లో ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్ అన్నచోట ఒక్క తాకుతో ఎత్తే పద్ధతి ఎంచుకోవచ్చు. పాత రూపమే కావాలంటే యాప్ బొమ్మపై వేలు నొక్కిపట్టి, యాప్ ఇన్ఫో తెరిచి, మూడు చుక్కల్లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కాలి. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి ఆటో అప్‌డేట్ టిక్కు కూడా తీసెయ్యాలి, లేకపోతే మళ్లీ మారుతుంది.

నిర్వహణ:
చాలా ఉపయోగకరమైన వివరం. ఒక్క హెచ్చరిక: అప్‌డేట్లు ఆపితే భద్రతా సవరణలు కూడా ఆగుతాయి. అలవాటయ్యేదాకా ఆపి, తర్వాత టిక్కు తిరిగి పెట్టండి.

కొలాబు (జయపురం):
ఎడమ లాగిన వార్తలు నెదుట నిలుచు
కుడిని లాగిన మీటలు కూడియుండు
తెరలు మూయగ వలసిన తీరు నెఱిగి
పైకి నెట్టిన నింటికే వచ్చి పడును.

నిర్వహణ:
భావం బాగున్నది. మొదటి పాదంలో సంధిదోషం ఉంది. వార్తలు + ఎదుట కలిస్తే "వార్తలెదుట" అవుతుంది, మధ్య నకారం రాదు. "ఎడమ లాగిన సందేశ మెదుట నిలుచు" అంటే గణాలూ సరిపోతాయి, ఎ – (మ్)ఎ స్వరయతి చెల్లుతుంది.

పైనుంచి లాగే సంగతి సరైనది. శామ్‌సంగ్ ఫోన్ల సాఫ్ట్‌వేర్ వన్ యూఐ 7 (2025)లో నోటిఫికేషన్లు, వైఫై వంటి మీటలున్న పలక వేరయ్యాయి. పైఅంచు కుడివైపు నుంచి దించితే మీటలు, మిగతా చోట దించితే నోటిఫికేషన్లు. ఒకటి తెరుచుకున్నాక పక్కకు జరిపితే రెండోదానికి పోవచ్చు. పాత పద్ధతిలో రెండూ ఒకేచోట కావాలంటే మీటల పలకలో పెన్సిల్ గుర్తు నొక్కి, ప్యానెల్ సెట్టింగ్స్‌లో టుగెదర్ ఎంచుకోవాలి.

వంశధార (గుణుపురం):
ఆపు మీటను నొక్కిన నాలకించి
పలుకుబొమ్మయె వచ్చిన భయము వలదు
ధ్వనిని పెంచెడు మీటతో దాని గలిపి
పైకి నెట్టిన నింటికే వచ్చి పడును.

నిర్వహణ:
మాట విని పలికే సహాయకుడికి "పలుకుబొమ్మ" అన్న ప్రయోగం ముచ్చటగా ఉంది. ధ్వ – దా యతి సరే. కానీ మూడో పాదానికీ నాలుగో పాదానికీ అన్వయం కుదరలేదు. రెండు మీటలు కలిపి నొక్కితే వచ్చేది ఫోన్ ఆర్పే పట్టిక. పైకి నెట్టడం వేరే పని. పద్యం చదివినవాడు రెంటినీ ఒకేసారి చేయబోతాడు.

అంతకంటే పెద్ద చిక్కు, ఈ జంట అన్ని ఫోన్లలో ఒకటి కాదు. ఆండ్రాయిడ్ 12 నాటి నుంచి చాలా ఫోన్లలో పవర్ మీట నొక్కిపడితే సహాయకుడు పలుకుతున్నాడు, ఆర్పే పట్టిక కోసం పవర్‌తో పాటు ధ్వని పెంచే మీట నొక్కాలి. శామ్‌సంగ్‌లో పక్క మీటతో ధ్వని తగ్గించే మీటను కలిపి నొక్కిపట్టాలి. పట్టకుండా ఊరికే నొక్కి వదిలితే స్క్రీన్‌షాట్ పడుతుంది. ఐఫోన్‌లో పక్క మీటతో ధ్వని మీటల్లో ఏదైనా చాలు. స్లైడర్ రాగానే వదిలెయ్యాలి, ఇంకా పట్టుకుని ఉంటే అత్యవసర పిలుపు లెక్కింపు మొదలుకావచ్చు. ఆండ్రాయిడ్‌లో కూడా పవర్ మీటను కంగారుగా వరుసగా అయిదుసార్లు నొక్కితే అత్యవసర సహాయం మొదలుకావచ్చు. ఇవేవీ గుర్తుండనివారికి తేలిక మార్గం: పైనుంచి దించిన మీటల పలకలోనే చాలా ఫోన్లలో పవర్ గుర్తు ఉంటుంది.

మీటను పాత పనికే మళ్లించుకోవచ్చు కూడా. శామ్‌సంగ్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ కింద సైడ్ బటన్, అందులో నొక్కిపట్టినప్పుడు పవర్ ఆఫ్ మెనూ. పిక్సెల్ ఫోన్లో సిస్టమ్, జెశ్చర్స్, పవర్ బటన్.

మూడో పాదానికి నా సవరణ:
పొమ్ము పొమ్మని యఱవక బొటనవేల
పైకి నెట్టిన నింటికే వచ్చి పడును.

మహేంద్రతనయ:
సవరణ అద్భుతం. ఒక చిన్న చేర్పు: బొటనవేలు అడుగు అంచునుంచే రావాలి. పలుకుబొమ్మ మీదే వేలు పెట్టి పైకి జరిపితే కొన్ని ఫోన్లలో అది పోకపోగా తెరంతా పరుచుకుంటుంది.

నాగావళి (రాయగడ):
ప్రక్క నొత్తిన వెనుకకు పయనమగును
తొడుగు మందమై యడ్డిన దొరకదంచు
తొలగజేసిన నడుగున తోచు గీత
పైకి నెట్టిన నింటికే వచ్చి పడును.

నిర్వహణ:
"దొరకదంచు" (దొరకదు + అంచు) చక్కగా అమరింది. తొడుగు సంగతి చాలామంది పట్టించుకోరు. అంచు దాటి పొడుచుకొచ్చిన తొడుగు వల్ల వేలు తెర కొసను తాకదు, ఫోన్ చెడిందనుకుంటారు. మొదటి పాదంలో "ఒత్తిన" బదులు "ప్రక్క జరిపిన" అనండి. నలం (నాలుగు లఘువులు) వస్తుంది, గణం చెడదు. నొక్కితే వెనక్కి పోదు, అంచు నుంచి లోపలికి జరపాలి.

తొడుగు తీసినా అందకపోతే, నావిగేషన్ మోడ్ దగ్గరున్న పళ్లచక్రం గుర్తు నొక్కి, కుడి ఎడమ అంచుల స్పందనను వేర్వేరుగా పెంచుకోవచ్చు. మరీ పెంచితే ఫొటోలు పక్కకు జరుపుతున్నప్పుడు వెనక్కి వెళ్లిపోతుంటుంది. ఒక్కో మెట్టే పెంచి చూడాలి.

బాహుదా (గంజాం జిల్లా, కొత్త సభ్యులు):
నవీకరణము జరిగిన నాటి నుండి
మారలేదది, బొమ్మలే మారెగాని
వెదకి వెదకి వేసారక వేలు మోపి
పైకి నెట్టిన నింటికే వచ్చి పడును.

నిర్వహణ:
స్వాగతం. రెండు, మూడు పాదాలు నిర్దోషం. "వెదకి వే" అన్న నగంతో (మూడు లఘువులు, ఒక గురువు) నడక బాగా సాగింది. మొదటి పాదం మాత్రం చెడింది. "నవీ" లఘువు, గురువు; తేటగీతి పాదం సూర్యగణంతోనే మొదలవ్వాలి, సూర్యగణమంటే గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు). కనుక ఆ మాట పాదాదిలో పట్టదు. పైగా "మారలేదది" అన్నారు, ఏది మారలేదో చెప్పలేదు. ముందు ఒక గురువు చేర్చితే రెండూ తీరుతాయి:
ఈ నవీకరణమునందు నింటి దారి
ఈ న / వీకర / ణమునందు / నింటి / దారి. యతి ఈ – (న్)ఇం.

కొలాబు:
బొమ్మలు మారాయి అన్నారు కనుక: మార్పు జరిగిన మొదటి ఒకటి రెండు రోజులు ఫోన్ కొంచెం వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది. లోపల యాప్‌లను కొత్త వ్యవస్థకు సర్దుకోవడం, ఫొటోలను మళ్లీ జాబితా కట్టడం జరుగుతుంటాయి. రాత్రి ఛార్జింగ్‌లో వైఫైతో వదిలితే ఆ పని ముగుస్తుంది. భయపడి పాత సాఫ్ట్‌వేర్‌కు మళ్లించబోకండి. కుదిరిన ఫోన్లలో కూడా ఆ పనికి సాధారణంగా లోపలున్నదంతా చెరపాలి.

ఋషికుల్య (బరంపురం), రెండో పూరణ:
ఒడియ పేరులు గలయట్టి యుపకరణము
తెలుగు జేసిన వరుసలు తిరుగ మారు;
భాష యేదైన నొక్కటే బాట గాదె
పైకి నెట్టిన నింటికే వచ్చి పడును.

నిర్వహణ:
దక్షిణ ఒడిశాలోని మన జిల్లాల పద్యం ఇది. "గలయట్టి" పాదపూరణకే వచ్చింది. "ఒడియ పేరుల నింపిన యుపకరణము" అంటే బిగి వస్తుంది.

ఒడియా బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దలకు ఫోన్ ఒడియాలో ఉంటే చదవడం తేలిక, మనవలకు తెలుగులోనో ఇంగ్లీషులోనో తేలిక. భాష మారిస్తే యాప్‌ల పేర్లు కొన్ని మారి అక్షరవరుస తలకిందులవుతుంది, నిన్నటి చోట కెమెరా ఉండదు. అందుకే రోజూ వాడే నాలుగైదు యాప్‌లను హోమ్ తెర అడుగు వరుసలో పెట్టండి. ఆ వరుస భాషతో మారదు. కాంటాక్ట్స్‌లో కూడా తెలుగు, ఒడియా, ఇంగ్లీషు లిపుల్లో రాసిన పేర్లు ఒకే వరుసలో కలవవు, లిపిని బట్టి గుంపులవుతాయి. ఏదో ఒక లిపికి కట్టుబడితే వెతుకులాట తగ్గుతుంది.

మహేంద్రతనయ:
ఫోనంతా మార్చకుండా ఒక్కో యాప్‌కు భాష వేరుగా పెట్టే వీలు ఆండ్రాయిడ్ 13 (2022) నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో యాప్స్, కావలసిన యాప్, అందులో లాంగ్వేజ్. ఆ యాప్ ఒప్పుకుంటేనే ఆ వరుస కనిపిస్తుంది. భాష మార్చేటప్పుడు పాత భాషను జాబితాలోంచి తీసెయ్యకండి, కొత్తదాన్ని చేర్చి పైకి లాగండి. జాబితాలో ప్రతి భాష పేరూ దాని లిపిలోనే ఉంటుంది కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు గుర్తుపట్టవచ్చు.

నిర్వహణ:
పూరణలు పంపిన అందరికీ ధన్యవాదాలు. వచ్చే వారం సమస్య ఆటవెలది, నాలుగో పాదం:

"గాజు కరగినంత కన్ను మసక"

గాజు / కరగి / నంత / కన్ను / మసక: అయిదూ సూర్యగణాలే, యతి గా – క. ఐఓఎస్ 26 (2025)లో వచ్చిన లిక్విడ్ గ్లాస్ రూపం దృష్టిలో పెట్టుకుని రాయండి. పారదర్శకమైన పలకల మీద అక్షరం కనబడని చిక్కుతో పాటు దాని విరుగుడు కూడా పద్యంలో ఉండాలి. యాక్సెసిబిలిటీలో డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ కింద రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ ఒకటి, 26.1లో చేరిన టింటెడ్ ఎంపిక మరొకటి. టింటెడ్ ఉండేది డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్‌లో, యాక్సెసిబిలిటీలో కాదు.